పండుగ డబ్బా మూత మీద ఉబ్బెత్తు బొమ్మ: పొడి మేలా, రేకు మేలా?

రబ్బరు స్టాంపు చేతిలో ఉంటే డబ్బా మూత మీద ఉబ్బెత్తు బొమ్మ తేవడానికి ఇంట్లో కుదిరే దారులు ముఖ్యంగా రెండు. మూత మీద జిగట సిరాతో ముద్ర వేసి, ఎంబాసింగ్ పొడి చల్లి, వేడిగాలితో కరిగించడం ఒకటి. పల్చటి లోహపు రేకును స్టాంపు మీద పరిచి, రుద్ది, బొమ్మను పైకి లేపి, ఆ రేకును మూతకు అతికించడం రెండోది. మొదటిదానిలో లోహం కదలదు. దాని మీద ప్లాస్టిక్ గీత లేస్తుంది. రెండోదానిలో లోహమే లేస్తుంది. మిగిలిన తేడాలన్నీ ఇక్కడి నుంచే పుడతాయి.

అనంతపురంలో పండుగకు డబ్బా నింపి పంపుతున్నామంటే అందులో వేరుశనగ ఉండలో, నువ్వుల ఉండలో, కజ్జికాయలో ఉంటాయి. అవి నాలుగు రోజుల్లో అయిపోతాయి. డబ్బా మాత్రం ఆ ఇంట్లో ఉండిపోతుంది. దానిలో పప్పు పోస్తారు, చక్కెర పోస్తారు, తడిగుడ్డతో తుడుస్తారు, దాని మీద ఇంకో డబ్బా పెడతారు. ఇన్నిటికీ తట్టుకునే బొమ్మే నాకు కావాలి. అందుకే నా ఓటు రేకుకు. అయితే పొడి చేయగలిగి రేకు చేయలేని పనులు కొన్ని ఉన్నాయి, అవి చిన్నవి కావు.

పొడి పని ఎలా సాగుతుంది

ఎంబాసింగ్ పొడి అంటే మెత్తగా నూరిన ప్లాస్టిక్ రెసిన్. దాదాపు 150 నుంచి 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది కరిగి, గరుకుతనం పోయి, ఒక్కసారిగా నిగనిగలాడుతుంది. ఆ మెరుపు కనిపించగానే వేడి ఆపాలి. ఆపకపోతే గీత ఉబ్బు తగ్గి చదునైపోతుంది, బుడగలు లేస్తాయి.

కాగితం మీద సులువుగా వచ్చే ఈ పని లోహం మీద మొండికేస్తుంది. లోహం సిరాను పీల్చుకోదు కాబట్టి ముద్ర పైపైనే తేలుతుంది, చెయ్యి కాస్త కదిలినా చెదురుతుంది. మూతను ముందు సబ్బుతో కడిగి, తర్వాత స్పిరిట్‌తో తుడవాలి. వేలిముద్రలోని జిడ్డు కూడా మిగలకూడదు. సన్నటి ఎమెరీ కాగితంతో ఒకసారి రుద్దితే పట్టు పెరుగుతుంది. స్టాంపును నిలువుగా దించి, నిలువుగా ఎత్తాలి. కాగితం మీద చేసినట్టు అటూ ఇటూ ఊపితే నున్నటి మూత మీద రబ్బరు జారిపోతుంది.

వేడిని పైనుంచి కాక మూత అడుగునుంచి పెట్టడం మంచిది. పైనుంచి ఊదితే గాలి తాకిడికి పొడి లేచిపోతుంది. కింది నుంచి పెడితే లోహమే వేడెక్కి పొడిని సమంగా కరిగిస్తుంది. కాకపోతే మూతను చేత్తో పట్టుకోలేం, పట్టకారు కావాలి.

ఇక్కడే ఒక హెచ్చరిక. బజారులో దొరికే బిస్కెట్ డబ్బాలు చాలావరకు ఉక్కు రేకు మీద తగరం పూత ఉన్నవి. తగరం 232 డిగ్రీల దగ్గర కరుగుతుంది. రంగులు గీకడానికి వడ్రంగులు, పెయింటర్లు వాడే పెద్ద హీట్ గన్ దానికి రెట్టింపు వేడిని కూడా ఇవ్వగలదు. రేకు పనివాళ్లు చేత్తో చేసి, మాటు వేసి (సోల్డర్ చేసి) అతికిన డబ్బాలైతే ఇంకా జాగ్రత్త అవసరం. తగరం, సీసం కలిపిన మామూలు మాటు 183 డిగ్రీలకే కరగడం మొదలుపెడుతుంది. పొడి కరిగే వేడికీ, మాటు ఊడే వేడికీ మధ్య ఉన్న సందు చాలా ఇరుకు. అతుకు ఉన్న డబ్బా మీద పొడి పని చేయకపోవడమే మంచిది. అలాంటి పాత డబ్బాలో మిఠాయి పెట్టకండి కూడా. మాటులోని సీసం తిండికి తగలవచ్చు.

ఇక మన ఊరి గాలి సంగతి. అనంతపురానికి ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే. సంక్రాంతి నాటికి గాలి ఎండిపోయి ఉంటుంది. ఎండుగాలిలో స్థిర విద్యుత్తు పెరిగి, ముద్ర మీద పొడి ఎంత పడుతుందో ముద్ర లేని చోటా అంతే అంటుకుంటుంది. గుడ్డ మూటలో టాల్కం పౌడరు కట్టి, ముద్ర వేసే ముందు మూత మీద రెండుసార్లు అద్దితే చాలావరకు తగ్గుతుంది. మిగిలిన రేణువులను ఎండు కుంచెతో దులపాలి. ఉగాదికి చేస్తే ఫ్యాను ఆపుకోవాలి. మార్చి నెలాఖరులో ఈ ఊళ్లో ఫ్యాను ఆపి, చేతిలో వేడిగాలి పట్టుకుని కూర్చోవడం ఎంత కష్టమో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర లేదు.

ఇంత చేసినా వచ్చిన గీత మూతలో కలిసిపోదు, దాని మీద కూర్చుంటుంది. మూత కాస్త వంగినా, గోరు తగిలినా, ఇంకో డబ్బా అడుగు రాసుకున్నా అంచు నుంచి పెచ్చులూడుతుంది. ఒక పెచ్చు ఊడాక మిగతాది నిలవదు.

రేకు పని ఎలా సాగుతుంది

రేకు అనగానే వంటింటి ఫాయిల్ తీసుకోకండి. అది 0.02 మిల్లీమీటర్లు కూడా ఉండదు, రుద్దితే చిరుగుతుంది. చేతిపనికి అమ్మే 36 గేజి అల్యూమినియం రేకు దాదాపు 0.127 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అది వేలితో వంగేంత మెత్తన, వంచినచోట నిలిచేంత గట్టి. అభ్యాసానికి హోటళ్లలో కూరలు కట్టిచ్చే అల్యూమినియం గిన్నెల అడుగు భాగం కత్తిరించుకుంటే చాలు. కూల్‌డ్రింక్ క్యాన్ రేకు కూడా దాదాపు ఇంతే మందం కానీ అది గట్టి మిశ్రమలోహం, పైగా అంచు బ్లేడులా కోస్తుంది. పిల్లల చేతికి ఇవ్వకూడదు.

స్టాంపును వెల్లకిలా పెట్టి, దాని మీద రేకు పరిచి, కదలకుండా టేపు వేసి, ముందు బొటనవేలితోనూ తర్వాత గట్టిగా చుట్టిన కాగితపు మొనతోనూ రుద్దాలి. నాణెం మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్దినప్పుడు బొమ్మ తేలినట్టు ఇక్కడా మెల్లగా గీతలు పైకి వస్తాయి. తర్వాత స్టాంపు తీసేసి, రేకును పాత హవాయి చెప్పు అట్ట మీదో, వార్తాపత్రికల దొంతర మీదో తిరగేసి పెట్టి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో అదే గీతల్లో మళ్లీ నడిపితే ఉబ్బు పెరుగుతుంది. చివరగా రేకును మళ్లీ తిప్పి గాజుపలక మీద పెట్టి, బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీని చదును చేయాలి. ఈ ఆఖరి పని చాలామంది వదిలేస్తారు. బొమ్మ పైకి లేవడం ఎంత ముఖ్యమో, చుట్టూ ఉన్న నేల అణగడం అంత ముఖ్యం. వెలుగు ఆ అంచు మీదే పట్టుకుంటుంది.

మన ప్రాంతానికి ఇది కొత్త విద్య ఏమీ కాదు. దేవుళ్లకు వేసే వెండి కవచాలు, ఇత్తడి తొడుగులు చాలావరకు రేకును వెనకనుంచి కొట్టి లేపినవే. అక్కడ రేకు కింద లక్క ఉంటుంది, చేతిలో ఉలి, సుత్తి ఉంటాయి. ఇక్కడ రబ్బరు స్టాంపు, పెన్ను ఉన్నాయి. రేకు సాగే తీరు రెంటిలోనూ ఒకటే. ఆ కవచాలు తరాల తరబడి నిలిచాయన్న సంగతి నాకు రేకు మీద నమ్మకం ఇచ్చింది.

ఉబ్బిన గీతలు మూత మీద నొక్కుకుపోకుండా వెనకనున్న గుంతలు నింపాలి. కొందరు కొవ్వొత్తి మైనం కరిగించి పోస్తారు. చలి ఊళ్లలో అది సరే. పారఫిన్ మైనంలో 50 డిగ్రీల దగ్గరే కరిగే రకాలున్నాయి. మే నెలలో కారు వెనక అద్దం దగ్గర పెట్టిన డబ్బా అంతకంటే వేడెక్కుతుంది. గోడలకు పూసే పుట్టీ గానీ, ఎం-సీల్ గానీ నింపి ఆరనివ్వండి. ఎం-సీల్ నింపిన బొమ్మ మీద నిండు డబ్బా పెట్టినా అణగదు.

రేకును మూతకు అతికించేటప్పుడు తెల్ల జిగురు పనికిరాదు. దానిలోని నీరు ఆవిరైతేనే అది గట్టిపడుతుంది. రెండు లోహాల మధ్య ఆ నీటికి బయటికి దారి లేదు. ఫెవిబాండ్ వంటి రబ్బరు జిగురును రెండు వైపులా పూసి, తడి ఆరాక అద్దాలి. ఒకసారి అంటితే జరపడం కుదరదు, కాబట్టి ముందే పెన్సిలుతో గుర్తు పెట్టుకోవాలి. రేకు అంచు రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి మడిస్తే చెయ్యి కోసుకోదు. రేకు మూత పైముఖం వరకే ఉండాలి, పక్కల మీదికి రాకూడదు. పక్కలకు మడిస్తే మూత బిగియదు. మూత బిగియకపోతే బెల్లం పాకం తేమ లాగి ఉండలు మెత్తబడతాయి. అందం కోసం తిండి పాడుచేయడం నాకు సమ్మతం కాదు.

రంగు కావాలంటే నల్ల అక్రిలిక్ రంగు మొత్తం పూసి, ఆరకముందే గుడ్డతో తుడిచేయండి. లోతుల్లో నలుపు నిలిచి, ఎత్తుల్లో లోహం మెరుస్తుంది. పాతకాలపు వెండిలా కనిపిస్తుంది. రాగి రేకు వాడితే ఇంకా అందం, కానీ రుద్దేకొద్దీ రాగి గట్టిపడుతుంది. మధ్యలో ఒకసారి గ్యాసు మంట మీద ఎర్రగా కాల్చి నీటిలో ముంచితే మళ్లీ మెత్తబడుతుంది. దాన్ని నల్లబరచడానికి మందులు కొననక్కర లేదు. ఉడికించిన కోడిగుడ్డును చిదిపి, రాగి రేకుతో కలిపి మూసిన డబ్బాలో ఉంచితే గుడ్డులోని గంధకం ఆవిరి మెల్లగా ఆ పని చేస్తుంది.

అక్షరాల దగ్గర తిరకాసు

రేకు పక్షం వహించే నేను కూడా పొడికి తల వంచే చోటు ఇది. స్టాంపు మీద అక్షరాలు తిరగేసి ఉంటాయి, ముద్ర వేస్తే సరిగా పడతాయి. పొడి పనికి అదే కావాలి. కానీ రేకును స్టాంపు మీద పరిచి రుద్దితే స్టాంపు మీద ఉన్నది ఉన్నట్టే లేస్తుంది, అంటే ‘శుభాకాంక్షలు’ అద్దంలో చూసినట్టు ఎడమ కుడి తారుమారవుతుంది. కలెక్టరేటు దగ్గర ఆఫీసు ముద్రలు చేసే దుకాణంలో ఈ సంగతి చెప్పడానికి కొంచెం ఓపిక పట్టాలి.

“అన్నా, అక్షరాలు తిరగేయకుండా, చదివేలాగే చేసివ్వండి.”

“అలా చేస్తే ముద్ర తప్పుగా పడుతుందమ్మా, తర్వాత నన్ను అడగకూడదు.”

“కాగితం మీద వేయడానికి కాదన్నా, దాని మీద రేకు రుద్దుతాను.”

ఇలా ప్రత్యేకంగా చేయించుకుంటే రేకు మీదా అక్షరాలు వస్తాయి. కానీ సన్నటి ఒత్తులు, వట్రుసుడులు, దగ్గర దగ్గరగా ఉన్న గుండ్రాలు రేకులో కలిసిపోతాయి. గీతకూ గీతకూ మధ్య కనీసం ఒక మిల్లీమీటరు ఖాళీ లేకపోతే రేకు లోపలికి దిగదు. తెలుగు అక్షరాన్ని అంగుళం ఎత్తున పెద్దగా చేయించినప్పుడే అందంగా ఉంటుంది. ఇచ్చేవారి పేరు, పండుగ పేరు, ఏడాది చిన్న అక్షరాల్లో కావాలంటే పొడే మేలు.

ఏ స్టాంపు, ఏ బొమ్మ

దుకాణాల్లో ఇప్పుడు మూడు రకాల స్టాంపులు దొరుకుతాయి. సిరా లోపలే నింపి ఉంచే ఫ్లాష్ స్టాంపు ఈ రెండు పనులకూ పనికిరాదు. అది నురుగు లాంటి మెత్తటి దిమ్మ, పైగా దాని సిరా తీసి వేరే సిరా వేయలేం. అతినీల లోహిత కాంతితో గట్టిపరచిన పాలిమర్ స్టాంపు పొడి పనికి చక్కగా సరిపోతుంది. రేకు రుద్దితే మాత్రం అణిగిపోతుంది, పైగా లోహం మీద వేసే సాల్వెంట్ సిరాలు తగిలితే దాని ముఖం చెడే అవకాశం ఉంది. అసలైన వల్కనైజ్డ్ రబ్బరుతో లోతుగా తీసిన స్టాంపు రెండింటికీ నిలుస్తుంది. రబ్బరును గంధకంతో కాచి గట్టిపరచే ఆ పద్ధతిని ఛార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొన్నాడు. చేయించేటప్పుడు ‘లోతు ఎక్కువ ఉండాలి’ అని నొక్కి చెప్పండి. ఆఫీసు ముద్రకు అంత లోతు అక్కర్లేదు కాబట్టి వాళ్లు మామూలుగా తక్కువే తీస్తారు.

బొమ్మల కోసం బయటి దేశాల మంచు పువ్వులు, దేవదారు చెట్ల స్టాంపులు తెప్పించుకోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. లేపాక్షి మన పక్కనే ఉంది. 2022లో జిల్లాలు విడిపోయి అది శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినా, అనంతపురం వాళ్లకు అది ఇంటి గుడే. 16వ శతాబ్దంలో విజయనగర కాలాన కట్టిన ఆ వీరభద్ర ఆలయపు లతామండప స్తంభాల మీద ఉన్న లతలు, హంసలు, పువ్వులు చీరల అంచుల మీదికి ఎప్పుడో ఎక్కాయి. అవి రాతిలో ఉబ్బెత్తుగా చెక్కినవే కాబట్టి రేకు మీదికి సహజంగా దిగుతాయి. గీత మందం, మధ్య ఖాళీ, మలుపుల్లో లావు సన్నం, అన్నీ అప్పటి శిల్పులు చేసి పెట్టి ఉంచారు. ఒక హంసను తెల్లకాగితం మీద నల్లసిరాతో కాస్త మందంగా గీసి ఇస్తే చాలు, మంచి స్టాంపు వస్తుంది. అదే గుడి పైకప్పు మీది చిత్రాలు రేకుకు సరిపడవు. వాటి గీతలు సన్నం, పొడికి ఇవ్వాలి.

అలాగే కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన ఆ చెట్టు ఊడలను స్టాంపుగా గీస్తే నిలువు గీతలు సన్నగా, గుంపుగా వస్తాయి. రేకులో అవి ముద్దైపోతాయి. ముదురు పచ్చ రంగు వేసిన మూత మీద రాగి రంగు పొడితో వేస్తే మాత్రం చూసినవాళ్లు వెంటనే గుర్తుపడతారు. సంక్రాంతి ముగ్గుల్లో కూడా ఇదే తేడా చూసుకోండి: చుక్కల ముగ్గు రేకుకు, మెలికల ముగ్గు పొడికి. చుక్క ఒక్కొక్కటీ రేకు మీద గింజలా లేస్తుంది, వేలికి తగులుతుంది.

మిగతా దారులు

రేకును, స్టాంపును కలిపి రోలర్ల మధ్య నుంచి నడిపే చేతి యంత్రాలున్నాయి. పైన మెత్తటి రబ్బరు చాప వేసి నడిపితే రుద్దే శ్రమ తప్పుతుంది, ఉబ్బు అంతటా సమంగా వస్తుంది. మిఠాయిలు చేసి అమ్మే ఇంటికి, పండుగకు వందల డబ్బాలు కట్టేవాళ్లకు అది లాభమే. ఏడాదికి పది ఇళ్లకు పంచేవారికి దాని ఖర్చు దండగ. యంత్రంలో వచ్చిన రేకుకు కూడా చివర పెన్నుతో ఒకసారి మెరుగు పెట్టక తప్పదు.

డబ్బా మూతనే నేరుగా ఉబ్బించలేమా అని అడుగుతారు. కంపెనీ డబ్బాల మీద కనిపించే ఉబ్బెత్తు అక్షరాలు ఉక్కు అచ్చుల మధ్య పెద్ద ప్రెస్సులో నొక్కినవి. ఇంట్లో రబ్బరు స్టాంపుతో ఆ ఉక్కు రేకు కదలదు. మేకుతో చుక్కలు కొడితే తగరం పూత చిట్లి అక్కడినుంచి తుప్పు పడుతుంది. చిల్లు పడితే డబ్బా తిండికి పనికిరాదు. దీపావళి లాంతరు చేసుకోవడానికైతే ఆ పద్ధతి బ్రహ్మాండం. నిమ్మలకుంట తోలుబొమ్మల్లో చిల్లుల గుండా వెలుగు పడే తీరును గమనించినవారికి అది ఇంకా బాగా అబ్బుతుంది.

ఎవరికి ఏది

బడిపిల్లలతో చేయించాలంటే తడుముకోకుండా రేకు. వేడి లేదు, కరెంటు అక్కర్లేదు, పొగ లేదు. పెద్దవాళ్లు అంచులు మడిచి ఇస్తే ఎనిమిదేళ్ల పిల్ల కూడా తన చేత్తో బొమ్మ లేపి ఇంటికి తీసుకెళ్తుంది. ఒక మధ్యాహ్నం పూట ముప్పై మందికి ఒకేసారి పని ఉంటుంది. పొడితో అయితే హీట్ గన్ దగ్గర వరస కట్టాలి, పక్కన పెద్దవాళ్లు నిలబడాలి.

ఒకే రోజు చాలా డబ్బాల మీద ఒకే పేరు వేయాలంటే పొడి. సిరా, పొడి, వేడి, అంతే. చెయ్యి తిరిగాక ఒక్కో మూతకు ఎక్కువసేపు పట్టదు. గుంతలు నింపి ఆరబెట్టే పని ఉండదు. రేకు పని ఒక డబ్బాకు ఒక పూట తింటుంది.

తుడవడానికి, కడగడానికి, ఏళ్ల తరబడి వాడుకకు రేకు. నెయ్యి చేతులు తగిలే డబ్బా అయితే మరీను. రేకు మీది మెరుపు తగ్గితే మళ్లీ నలుపు పూసి తుడుచుకోవచ్చు. పొడి గీత ఊడితే గీకేసి మొదటి నుంచి మొదలుపెట్టాలి.

రెండూ కలిపే పద్ధతి ఒకటుంది, దగ్గరివాళ్లకు పంపేటప్పుడు నేను అదే ఎంచుకుంటాను. మూత మధ్యలో హంసో, ముగ్గో రేకుతో. దాని కింద పండుగ పేరు పొడితో. క్రమం మాత్రం తప్పకూడదు: ముందు పొడి కరిగించి మూతను పూర్తిగా చల్లార్చాలి, తర్వాతే రేకు అతికించాలి. తిరగేసి చేస్తే పొడికి పెట్టే వేడికి రబ్బరు జిగురు మెత్తబడి రేకు ఒక పక్కకు జారుతుంది. పొడి అక్షరాలను మూత అంచుకు దగ్గరగా కాక ఉబ్బిన రేకు పక్కనే వేయండి. పైన ఇంకో డబ్బా పెట్టినప్పుడు దాని బరువు రేకు మీద పడుతుంది, అక్షరాలకు రాపిడి తగలదు. ఎం-సీల్ నింపిన రేకు కనీసం ఒక రాత్రి ఆరాలి కాబట్టి, భోగి నాటికి డబ్బాలు చేరాలనుకుంటే నువ్వులు వేయించడానికి ముందే మూతల పని ముగించి పెట్టుకోండి.